ఏడో కప్పు

నేను నాంపల్లిలో ఇరవై ఏళ్లు కప్పులు చేశాను. ఎవరైనా అడిగితే ఇంతకంటె పొడుగ్గా చెప్పను. ఈమధ్య చదువుకున్న పిల్లలు కొందరు మళ్లీ మట్టి పని మొదలుపెట్టారు. ఇంట్లో మనుషుల పేరున పింగాణీ సామాను చేసి ఇస్తున్నారట. వాళ్లలో ఒకమ్మాయి వచ్చి మీ అనుభవాలు రాసివ్వండి అని అడిగింది. రాసేదాకా వదిలేట్టు లేదు కాబట్టి రాస్తున్నాను.

ప్రమోషన్ల గురించి రాయడానికి ఏమీ లేదు. కార్ఖానాలో చాలాకాలం ముగ్గురమే ఉన్నాం. పైకి పోవాలంటే డాబా ఒక్కటే ఉండేది. దాని మీద అచ్చులు ఆరబెట్టేవాళ్లం.

పని ఏమిటంటే

మాది జనగామ దగ్గర పల్లె. మా నాయన కుండలు చేసేవాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు నేను పట్నం వచ్చి గోవింద్‌రావు గారి దగ్గర చేరాను. ఆయన్ని అందరం సాబ్ అనేవాళ్లం. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఆయన కార్ఖానా, అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసుకు కొంచెం ఇవతల చిన్న దుకాణం. సామాను నాంపల్లిలో కాలేది, అబిడ్స్‌లో అమ్ముడుపోయేది. మధ్యలో గడ్డి పరిచిన బుట్టలో పెట్టి మోసుకుపోవడం నా వంతు. పొద్దంతా చక్రం మీద, సాయంత్రం బుట్ట కింద.

సాబ్ మొదట్లో హోటళ్లకు కప్పులు చేసేవారు. పెద్ద ఫ్యాక్టరీల సరుకు వచ్చాక హోటళ్లవాళ్లు మమ్మల్ని మరిచిపోయారు. అప్పుడాయన ఇంటివాళ్ల కప్పులు మొదలుపెట్టారు. ఇంట్లో ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క కప్పు. దాని మీద పేరు ఉండదు, ముఖం ఉండదు. చూడగానే ఇది ఫలానావాళ్లది అని ఇంట్లోవాళ్లకు తెలియాలి, అంతే.

చాలామంది ఫోటోలు పట్టుకొచ్చేవాళ్లు. సాబ్ ఫోటో తిరిగి ఇచ్చేసేవారు.

"ఫోటోల అందరు ఊపిరి బిగవట్టుకోని కూసుంటరు. గా మనిషి మీ ఇంట్ల ఉండడు. మా మల్లేశం ఒక పూట మీ ఇంటికొచ్చి కూసుంటడు. మీరు చాయ్ తాగున్రి, ఆయన చూస్తడు."

అలా చూడటం నా ఉద్యోగం అయింది. ముందు చూడాలి, మట్టి తరవాత. కొత్తవాళ్లు మట్టి దగ్గర మొదలుపెడతారు. అది చేతికి దగ్గరగా ఉంటుంది కదా.

మీసం

నా మొదటి పెద్ద తప్పు మీసం దగ్గర జరిగింది. గన్‌ఫౌండ్రీలో బ్యాంకు గుమస్తా ఒకాయన తన మామగారికి కప్పు కావాలన్నాడు. మామగారిది రెండు బుగ్గల మీదికి పాకిన మీసం. చాయ్‌లో తడవకుండా కప్పు లోపలి అంచుకు చిన్న అడ్డు కట్టి, దాని మీద మీసం ఆనేట్టు చెయ్యాలి. నేను దారం పట్టి ఈ కొస నుంచి ఆ కొసదాకా కొలిచాను. పెద్దాయన గడ్డం పైకెత్తి, జాతకం రాయించుకుంటున్నంత శ్రద్ధగా కూర్చున్నారు.

చీనామట్టి కాలితే రూపాయికి రెండణాల వంతు తగ్గుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. మా నాయన మట్టి కూడా తగ్గేది, కాని కుండకు మీసం ఆనించేవాళ్లు లేరు గనుక మా ఊళ్లో ఎవరూ పట్టించుకోలేదు. కప్పు ఎత్తుకు తరుగు కలిపాను, వెడల్పుకు కలిపాను. అడ్డుకు కలపడం మరిచాను.

సాబ్ కాలిన కప్పునీ నా దారాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు.

"మల్లేశం, మట్టి తగ్గుతది. మీసం తగ్గది."

ఎవరి తప్పు వాళ్లే వెళ్లి, చేయించుకున్న గిరాకీతో చెప్పాలని ఆయన నియమం. వెళ్లాను. పెద్దాయన కప్పు మూతి దగ్గర పెట్టుకుని అద్దంలో ఎడం వైపు, కుడి వైపు చూసుకున్నారు.

"ఇది నాది కాదు, మా తమ్మునిది. వాని మీసం ఎప్పటికీ నా మీసంల ముప్పావే" అన్నారు.

మర్నాడే దాన్ని తీసుకెళ్లి తమ్ముడికి ఇచ్చి, సరిపోయిందని మాకు కబురు చేశారు. ఆ కబురులో సంతోషం దాగలేదు. నేను ఆయనకు ఇంకొకటి చేశాను.

సాబ్ తిట్టే మనిషి కాదు. తిడితే అయిపోయేది. ఆరు నెలలపాటు నేను కొలతదారం చేతిలోకి తీసుకున్నప్పుడల్లా "తగ్గిందా మల్లేశం?" అని ఎంతో మర్యాదగా అడిగేవారు. మెచ్చుకోవడం కూడా ఆయనకు రాదు. బాగున్న కప్పును చూసి ఏమీ అనకుండా పక్కన పెట్టేవారు. ఈ రెండో గుణం యజమానికి మంచిది కాదని ఇప్పటికీ అనుకుంటాను.

నర్సింగ్‌రావు గారి ఇల్లు

నర్సింగ్‌రావు గారికి సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణం. ఇల్లు మాత్రం నాంపల్లిలో, మా కార్ఖానాకు నాలుగు సందుల అవతల. స్నేహితుడి ఇంట్లో మా కప్పులు చూశారు. స్నేహితుడికి ఉన్నది తనకు లేకపోవడం ఆయనకు నచ్చలేదు. మాకు సగం ఆర్డర్లు ఈ దారినే వచ్చేవి. మీకూ వస్తాయి, కాదనకండి.

"ఆరు కప్పులు" అన్నారు. "నేను, మా అమ్మ, నా భార్య, ఇద్దరు పిలగాండ్లు, బిడ్డ."

ఒక సాయంత్రం వెళ్లి వాళ్ల వరండాలో కూర్చున్నాను. ఆయన నిలబడే తాగుతారు, పొగలు కక్కేది మూడు గుక్కల్లో. ఆయనకు నోరు వెడల్పుగా, గోడ పల్చగా, తొందరగా చల్లారే కప్పు. వాళ్లమ్మగారు రుక్మాబాయికి చేతులు వణుకుతాయి, సాసర్లో పోసుకుని తాగుతారు. ఆమెకు రెండు పక్కలా పిడులు, లోతైన సాసరు. భార్య మాటల్లో పడి చాయ్ సంగతి మరిచిపోతారు. ఆమెకు మూత. కూతురు పుస్తకంలోంచి కళ్లు తిప్పకుండా కప్పు కోసం చెయ్యి చాపుతుంది. ఆమెకు చెయ్యి తగిలినా పడనంత బరువైన అడుగు. కొడుకులిద్దరూ ఎవరికి ఎక్కువ పోశారని తగువుపడతారు. వాళ్లకు లోపల ఒకే ఎత్తున నీలం గీత.

చాయ్ తెచ్చినావిడ ఏడో మనిషి. నలభై దాటి ఉంటాయి. ముదురు రంగు నేత చీర, నుదుట బొట్టు లేదు. ఎవరని నేను అడిగాక నర్సింగ్‌రావు గారు "మా అక్క, తారాబాయి" అన్నారు. భర్త పోయాక తమ్ముడి ఇంటికి వచ్చి పదహారేళ్లట.

"మీరు తాగరా అమ్మా?" అన్నాను.

"తాగుత. అందరిదయినంక."

నేను లేచేదాకా ఆమె తాగలేదు. వంటింటి గడప పక్కన సొట్టలు పడ్డ అల్యూమినియం గిలాస ఒకటి బోర్లించి ఉంది.

దారి పొడుగునా నాకు అదే ఆలోచన. ఆరుగురన్నారు, ఏడుగురున్నారు. ఏడో కప్పు నేనే చేసి ఇస్తే? ఎవరూ అడగని పని. అందుకే నాకు అది చాలా గొప్పగా తోచింది.

గంటె

ఏడో కప్పును పొట్ట ఉబ్బిన ఇత్తడి తపేలా ఆకారంలో చేశాను. పిడికి బదులు వంట గంటె పెట్టాను, కొస వంచి, చివర చిన్న పువ్వు చెక్కి. అంతవరకు నేను చేసిన పిడులన్నిటిలోకీ అది అందమైనది. ఆ మాట ఇప్పటికీ అంటాను.

కాలిన కప్పులు భట్టీలోంచి దించుతున్నప్పుడు సాబ్ లెక్కపెట్టారు.

"ఆరు కదా. ఏడోదేంది?"

"నర్సింగ్‌రావు సాబ్ అక్కది. వాళ్లు మరిచిపోయిన్రు."

"ఆమెను అడిగినవా?"

"లేదు సాబ్. చూసి ఖుషీ అయితరు."

ఆయన గంటె వైపు కాసేపు చూశారు. "ఎవరు ఖుషీ అయితరు?" అన్నారు.

ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. ఇంకేమీ అనకుండా పక్కన పెట్టారు కాబట్టి బాగుందనుకున్నాను.

కప్పులు ఇచ్చిన రోజు ఇల్లంతా వరండాలో చేరింది. ఒక్కొక్కటే గడ్డిలోంచి తీస్తుంటే ఎవరిదో వాళ్లు కేకపెట్టి అందుకుంటున్నారు. ఒక్కటీ తప్పలేదు. పెద్దావిడ రెండు పిడులూ పట్టుకుని, వణుకుతున్నా తొణకకుండా ఎత్తి చూపించారు. చివరికి ఏడోది తీశాను.

"గంటె! అత్తది, అత్తది!" అని చిన్న కొడుకు అరిచాడు.

అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. పెద్దావిడా నవ్వారు. తారాబాయి కూడా నవ్వినట్టే ఉంది. కప్పు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. నర్సింగ్‌రావు గారు నా భుజం తట్టి "మేం మరిచినం, నువ్వు యాది పెట్టుకున్నవ్" అన్నారు.

నాలుగు రోజులు నేను చాలా మంచివాణ్ణి. ఆ సంగతి సాబ్‌కి చెప్పాను, పక్కింటివాళ్లకు చెప్పాను, బొగ్గు తెచ్చే అతనికి చెప్పాను.

అబిడ్స్ దుకాణంలో

అయిదో రోజు మధ్యాహ్నం తారాబాయి దుకాణానికి వచ్చారు. ఒంటరిగా అబిడ్స్ రావడం ఆమెకు అదే మొదటిసారని తరవాత తెలిసింది. దుకాణం దొరక్క పోస్టాఫీసు ముందు రెండుసార్లు అటూ ఇటూ తిరిగారట. చేతిలో మూట. విప్పి, గంటె కప్పు బల్ల మీద పెట్టారు.

"గీ కప్పు నాదేనా?"

"మీదే అమ్మా. పగిలిందా?"

"పగల్లే. గంటె ఎందుకు పెట్టిన్రు?"

"మీరు వంట చేస్తరు కదా అని…"

"మా తమ్ముడు బట్టలమ్ముతడు. ఆయన కప్పుకు గజం బద్ద పెట్టిన్రా?"

"లేదమ్మా."

"ఆయన చాయ్ ఎట్ల తాగుతడో చూసి చేసిన్రు. మా అమ్మదీ గట్లనే, పిల్లలదీ గట్లనే. నాదొక్కటే నేనేం పని చేస్తనో చూసి చేసిన్రు. నేను చాయ్ ఎట్ల తాగుతనో చూసిన్రా?"

చూడలేదు. చూడలేదని చెప్పాను.

"ఎవరు యాది చెయ్యనప్పుడే బాగుండె. ఇప్పుడు ఇంట్ల గంటత్త అంటున్నరు. నిన్న పక్కింటోళ్ల పిల్లలు గూడ అన్నరు. సచ్చిందాంక గదే పేరుంటది."

ఆమె గొంతు పెంచలేదు. పెంచితే నాకు కొంచెం తేలికగా ఉండేది. నేను బల్ల వైపు చూస్తూ నిలబడ్డాను. అంత అందమైన పిడి ఆ నిమిషంలో నాకు వంకరగా కనబడింది.

సాబ్ లోపలి గదిలోంచి వచ్చారు. నమస్కారం చేసి, కుర్చీ జరిపి, ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్ నుంచి చాయ్ తెప్పించారు. దుకాణంలో నిలవున్న కప్పుల్లో మామూలుది ఒకటి తీసి అందులో పోయించి ఆమె ముందు పెట్టారు. మేమిద్దరం నిలబడి చూస్తున్నాం.

"మీరిద్దరు గట్ల గుడ్లప్పగిచ్చి చూస్తే నేనెట్ల తాగాలె? అటు తిరుగున్రి."

గోడ వైపు తిరిగాం. గోడనున్న బీరువాకు అద్దం తలుపులు. అన్నీ కనబడ్డాయి. ఆమెకూ మేం కనబడ్డామనే అనుకుంటాను.

ఆమె పిడి ముట్టుకోలేదు. రెండు అరచేతుల మధ్య కప్పును ఇమిడ్చి పట్టుకుని, ముందు ముఖం దగ్గర కాసేపు ఉంచుకున్నారు. తరవాత మెల్లగా, చిన్న చిన్న గుక్కలు. అయిపోయాక కూడా కప్పు దించలేదు. వేడి పోయేదాకా అలాగే పట్టుకున్నారు.

"పిడి వద్దా అమ్మా?" అన్నాను, గోడ వైపే చూస్తూ.

"వద్దు. నా చేతులు పొద్దంత నీళ్లల్లనే ఉంటయి. జర వేడి తగలాలె."

"ఇంకేం కావాలె?" అని సాబ్ అడిగారు.

తనకోసం ఆర్డరు ఇవ్వడం ఆమెకు అలవాటు లేదు. కాని తొందరగానే వచ్చేసింది.

"పెద్దది. మా తమ్మునిదానికన్న పెద్దది."

"ఎంత పెద్దది?"

"పక్కన పెడితే తెల్వాలె."

ఆమె కార్ఖానాకు రావడం

ఈసారి చూడకుండా ఏమీ చెయ్యలేదు. పచ్చి మట్టి మీద ఆమె అరచేతులు పట్టించి చూశాను. మట్టి తగ్గే సంగతి చెబితే "అయితే ఇంకో వేలు పెంచున్రి" అన్నారు. మొత్తం మూడుసార్లు వచ్చారు, పచ్చిగా ఉన్నప్పుడు, మొదటిసారి కాలాక, పూత పెట్టేముందు. రంగులు చూపిస్తే వద్దన్నారు. తెల్లగా, మందంగా, పిడి లేకుండా, తమ్ముడి కప్పుకు ఒకటిన్నర రెట్లు ఉన్న కప్పు అది. ఇంట్లో దాన్ని చూసి ఎవరూ నవ్వలేదట. దాంట్లో నవ్వడానికి ఏమీ లేదు. గంటె కప్పు మాత్రం మా దగ్గరే ఉండిపోయింది. సాబ్ దాన్ని నేను కూర్చునే చోటికి సరిగ్గా ఎదురుగా పెట్టారు.

మూడోసారి వచ్చినప్పుడు ఆమె అరమీద తయారుగా ఉన్న ఒక సెట్టు చూసి, అందులో నెమలి వేసిన కప్పు ఎత్తి "ఇవి మా వెనక సందోళ్లయి కదా" అన్నారు. ఔనన్నాను.

"వాళ్ల పెద్దోడు ఎడమ చేత్తో తాగుతడు. మీరు ఏసిన నెమలి ఆయనకు కనవడది, గోడకు కనవడతది."

నేను ఆ ఇంట్లో ఒక పూట కూర్చుని వచ్చినవాణ్ణి. నాకు కనబడలేదు. సాబ్ చేతిలోని పూత గిన్నె దించి ఆమె వైపు తిరిగారు.

"రోజు కొన్ని గంటలు దుకాణంల కూసుంటరా అమ్మా?"

"కూసోని ఏం జెయ్యాలె?"

"వచ్చినోళ్లను అడగాలె. గిప్పుడు చెప్పినట్ల మాకు చెప్పాలె. జీతం ఉంటది."

"వంట?"

"వంట లేదు."

ఆమె పైకి నవ్వడం నేను అప్పుడే విన్నాను.

మర్నాడు నర్సింగ్‌రావు గారు కార్ఖానాకు వచ్చి, కూర్చోకుండా మాట్లాడారు. సుల్తాన్ బజార్‌లో తనకు పరువుందనీ, ఇంటి ఆడమనిషిని దుకాణంలో కూర్చోబెట్టి తినే గతి తనకు పట్టలేదనీ అన్నారు. సాబ్ వాదించలేదు. ఆ సాయంత్రం మేమిద్దరం వాళ్లింటికి వెళ్లాం. ఆయన వరండాలో అటూ ఇటూ నడుస్తూ అవే మాటలు మళ్లీ అన్నారు.

"బజార్ల నలుగురు ఏమంటరు? ఇంట్ల పని ఎవరు చూస్తరు?"

రుక్మాబాయి గోడకు ఆనుకుని కూర్చుని వింటున్నారు.

"నర్సింగా, నలుగురేమంటరు అని అడుగుతున్నవా, వంటెవరు చేస్తరు అని అడుగుతున్నవా? రెండిట్ల ఏదో ఒకటే అడుగు."

ఆయన ఏదీ అడగలేదు. తారాబాయి వంటింటి గడపలో నిలబడి "పొద్దటి వంట చేసి పోత. పొద్దుగూకకముందు వస్త" అన్నారు. అనుమతి అడుగుతున్నట్టు లేదు. రైలు వేళలు చెబుతున్నట్టు ఉంది.

ఆ మర్నాటి నుంచి ఆమె మా దగ్గరికి రాసాగారు. ఆ మర్నాటి నుంచే తమ్ముడు ఆమెతో మాట్లాడటం మానేశారు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. ఏదన్నా చెప్పాలంటే "అత్తకు చెప్పు" అని పిల్లలతో చెప్పించేవారు. చెడ్డవాడు కాదు. ఒకరోజు పెద్ద వాన పడుతుంటే కూతురి చేత దుకాణానికి గొడుగు పంపారు. ఎవరు పంపారని తారాబాయి అడిగితే ఆ పిల్ల "ఎవరు పంపలేదని చెప్పమన్నడు" అంది.

ఆమె పని

తారాబాయికి మట్టి పని రాలేదు. చేతుల్లో బలం ఉంది, కాని ఏది చేసినా లడ్డూలా వచ్చేది. రెండు నెలలు చూసి సాబ్ మట్టి జోలికి పోవద్దన్నారు. గిరాకీల ముందు అబద్ధం ఆడటం కూడా రాలేదు. వాళ్లు చేయించుకోదలచింది బాగుండదనిపిస్తే మొహం మీదే చెప్పేసేవారు. అలా పెళ్లివాళ్ల ఆర్డర్లు రెండు పోయాయి. సాబ్ ఒక్కమాట అనలేదు. నేను మాత్రం లోపల గొణుక్కున్నాను.

ఆమె అడిగే మొదటి ప్రశ్న "ఇంట్ల ఎంతమంది?" గిరాకీ చెప్పేవాడు. రెండో ప్రశ్న "చాయ్ ఎవరు పెడతరు?" ఇక్కడ చాలామంది ఆగిపోయేవాళ్లు. వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టుకునేవాళ్లు. సగం ఇళ్లలో ఒక మనిషి పెరిగేది, మేనత్తో, చిన్న కోడలో, ఊరి నుంచి వచ్చి ఉంటున్న పెద్దమ్మో. ఒకాయన "ఆమెది లెక్కల రాదు లెండి" అన్నాడు. తారాబాయి కలం పక్కన పెట్టి, చేతులు కట్టుకుని ఆయన వంక చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ఆయనే "రాసుకోన్రి, ఎనిమిది" అన్నాడు.

నేను కూడా మారాను. ఇళ్లకు వెళ్లినప్పుడు ముందు వంటింటి వైపు వెళ్లి, మీ కప్పు ఎట్లా ఉండాలని అడిగేవాణ్ణి. అడిగితే చాలామంది "నాకెందుకు" అనేవాళ్లు. రెండోసారి అడిగితే ఖచ్చితమైన కొలతలతో చెప్పేవాళ్లు. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇదొక్కటే. జాలిపడి ఎవరికీ ఏదీ చేసి ఇవ్వకండి, అడగండి. ఒకసారి కాదు, రెండుసార్లు.

పదకొండేళ్లు ఆమె మాతో పనిచేశారు. తరవాత ఇంటింటికీ స్టీలు గిలాసలు వచ్చాయి. అవి పగలవు, ఎవరివో కూడా తెలియవు. సాబ్ భట్టీ విప్పేసి దుకాణం కిరాయికి ఇచ్చేశారు.

ఒక గిరాకీ

మూసేయడానికి నాలుగేళ్ల ముందు జరిగింది చెప్పి ఆపుతాను.

ఆ ఎండాకాలం రుక్మాబాయి పోయారు. నెల దాటాక ఒకరోజు, నాలుగు గంటల ప్రాంతంలో నర్సింగ్‌రావు గారు అబిడ్స్ దుకాణంలోకి వచ్చారు. నేను వెనక నిలబడి కప్పులు కాగితంలో చుడుతున్నాను. బల్ల దగ్గర తారాబాయి, ముందు పుస్తకం. అప్పటికి ఏడేళ్లుగా ఆ ఇద్దరి మధ్యా మాటల్లేవు. వాళ్లమ్మ పోయినప్పుడు కూడా పక్కపక్కన కూర్చుని ఏడ్చారు గాని మాట్లాడుకోలేదు.

ఆయన నా వైపు చూశారు. నేను చుడుతున్న కప్పు వైపు చూశాను.

"రాన్రి, కూసోన్రి" అన్నారు తారాబాయి. వచ్చిన ప్రతివాళ్లతో అనే మాటే. "ఏం కావాలె?"

ఆయన బల్లపీట మీద కూర్చున్నారు. "మా అమ్మ యాదికి ఒకటి చేయించాలె."

ఆమె కలం తీశారు. "పేరు?"

ఆయన ఆమె ముఖం వంక చూశారు. ఆమె పుస్తకం వంక చూస్తున్నారు.

"రుక్మాబాయి."

రాసుకున్నారు. "ఆమె ఎట్లుంటుండె, చెప్పున్రి."

"నీకు తెల్వదా?"

"నాకు తెలిసింది నేను రాయ. గిరాకీ చెప్పిందే రాస్త."

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. ఆకుపచ్చ చీరలు కట్టేదన్నారు. చేతులు వణికేవన్నారు. పొద్దున లేచి తులసికి నీళ్లు పోసేదన్నారు. ఆమె అన్నీ రాసుకున్నారు.

"గివి చూసినోళ్లందరు చెప్తరు. ఇంకా?"

బయట బస్సు ఆగింది, జనం దిగారు, బస్సు వెళ్లిపోయింది. అప్పుడాయన నేల చూస్తూ అన్నారు.

"చిన్నప్పుడు నాకు జరమొచ్చింది. పాలు చల్లారినయా లేదా అని అమ్మ చిటికెన వేలు ముంచి చూసేది. గా వేలు తెచ్చి నా పెదవుల మీద పెట్టి, గింత వేడి సరిపోతదా అని అడిగేది. నేను తలకాయ ఊపితేనే గిలాస ఇచ్చేది. ఊపకపోతే మళ్ల చల్లార్చేది."

కలం ఆగింది.

"గిది నాకు తెల్వది" అన్నారు తారాబాయి.

"నీకెట్ల తెలుస్తది? నీకు పన్నెండేండ్లకే లగ్గం చేసి పంపిన్రు. నువ్వు అత్తగారింటికి పోయినంకనే నాకు జరమొచ్చింది."

"ఎన్ని రోజులు?"

"పది రోజులు తగ్గలే. అక్క ఎప్పుడొస్తదని అమ్మను అడిగేటోణ్ణట."

ఆమె పుస్తకంలో "పది రోజులు" అని రాసుకున్నారు. కప్పు చెయ్యడానికి ఆ సంగతితో పనిలేదు. నేను చూస్తుండగానే రాశారు. తరవాత ఆ కప్పు నేనే చేశాను, పాలు పట్టేంత చిన్నది, అంచున చిటికెన వేలు ఆనేంత నొక్కు. ఇంకేమీ పెట్టలేదు.

"ఎప్పటికయితది?" అన్నారు ఆయన లేస్తూ.

"పదిహేను రోజులు."

సరేనని గుమ్మం దాకా వెళ్లి, చెప్పులు వేసుకుని, ఆగిపోయారు.

"అక్కా, నువ్వు ఇంటికెప్పుడొస్తవ్?"

"అయిదున్నరకు మూస్తం."

ఆయన గోడ గడియారం వైపు చూశారు. చెప్పులు విప్పి, మళ్లీ లోపలికి వచ్చి, బల్లపీట మీద ఒక చివరకు జరిగి కూర్చున్నారు. ఆలోగా ముగ్గురు గిరాకీలు వచ్చారు. తారాబాయి ముగ్గురినీ ఇంట్లో ఎంతమందని అడిగారు, చాయ్ ఎవరు పెడతారని అడిగారు. రెండో ప్రశ్న దగ్గర ప్రతిసారీ నర్సింగ్‌రావు గారు తల వంచుకుని తన చేతులు చూసుకున్నారు. అయిదున్నరకు ఆయనే లేచి దుకాణం తలుపు చెక్కలు ఒక్కొక్కటే నాకు అందించారు.